ఎస్టోనియన్, తగలాగ్: మాట్లాడేవారి లెక్క ఒకటి, భాషకు దక్కిన చోటు మరొకటి

క్లుప్తంగా: ప్రపంచం మొత్తమ్మీద ఎస్టోనియన్ మాట్లాడేవారు సుమారు 11 లక్షల మంది. తగలాగ్ మాతృభాషగా ఉన్నవారే రెండున్నర కోట్లకు పైగా ఉంటారు. అయినా ఎస్టోనియాలో చట్టం, కోర్టు తీర్పు, యూనివర్సిటీ పాఠం ఆ చిన్న భాషలోనే నడుస్తాయి. ఫిలిప్పీన్స్‌లో ఇవే పనులు ఎక్కువగా ఇంగ్లీషులో జరుగుతాయి. ఈ తేడా ఎలా వచ్చింది, దానివల్ల ఎవరికి ఏం జరుగుతోంది అన్నదే ఈ వ్యాసం.

2024 సెప్టెంబరులో ఎస్టోనియాలోని రష్యన్ మీడియం బళ్లలో పెద్ద మార్పు మొదలైంది. కిండర్‌గార్టెన్లలో, 1, 4 తరగతుల్లో ఇక పాఠాలు ఎస్టోనియన్‌లోనే చెప్పాలి. మరుసటి నెలలో ఫిలిప్పీన్స్‌లో రిపబ్లిక్ చట్టం 12027 వచ్చింది. కిండర్‌గార్టెన్ నుంచి 3వ తరగతి దాకా పిల్లలకు ఇంటి భాషలో బోధించాలన్న నియమాన్ని అది ఎత్తేసింది. బోధన మళ్లీ ఫిలిపినో, ఇంగ్లీషుల వైపు తిరిగింది. ఈ ఫిలిపినోకి పునాది తగలాగ్.

పైకి చూస్తే రెండు దేశాలూ బడిని జాతీయ భాష వైపు నడిపించాయి. కానీ ఎస్టోనియాలో బడి భాష మారిన పిల్లవాడు రేపు కాలేజీలో, ఉద్యోగంలో, కోర్టులో వాడబోయే భాషలోకే అడుగుపెడుతున్నాడు. ఫిలిప్పీన్స్‌లో చిన్న తరగతులు ఫిలిపినోలో చదివిన పిల్లవాడికి పై చదువుల గుమ్మం దగ్గర మళ్లీ ఇంగ్లీషు ఎదురవుతుంది. ఒక భాష బలం ఎంతో తెలియాలంటే ఎంతమంది మాట్లాడుతున్నారని అడిగితే సరిపోదు. ఏయే పనులకు మాట్లాడుతున్నారో చూడాలి. ఈ రెండు భాషలను పక్కపక్కన పెడితే ఆ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

ఎవరు ఎక్కడ మాట్లాడతారు

ఎస్టోనియా బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఫిన్లాండ్‌కు దక్షిణాన, రష్యాకు పడమట ఉన్న దేశం. విస్తీర్ణం దాదాపు 45 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కూడా లేదు. 2021 జనగణన ప్రకారం జనాభా 13 లక్షల 30 వేలు. వారిలో ఎస్టోనియన్ మాతృభాషగా ఉన్నవారు 67 శాతం. తర్వాత నేర్చుకున్నవారిని కూడా కలిపితే 84 శాతం మందికి ఆ భాష వచ్చు. మిగతావారిలో ఎక్కువమంది రష్యన్ మాట్లాడతారు. వారు దేశమంతటా సమానంగా లేరు. రాజధాని తాలిన్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. రష్యా సరిహద్దులోని ఈదా-వీరు జిల్లాలోనైతే వారిదే మెజారిటీ. ఆ జిల్లాలోని నార్వా పట్టణంలో ఎస్టోనియన్ ఇంటి భాషగా ఉన్నవారు చాలా కొద్దిమంది.

ఫిలిప్పీన్స్ పరిస్థితి పూర్తిగా వేరు. 7,641 దీవులు, 2020 లెక్కల ప్రకారం దాదాపు 10 కోట్ల 90 లక్షల జనం, 130కి పైగా భాషలు. తగలాగ్ సొంత ప్రాంతం లుజాన్ దీవి మధ్య, దక్షిణ భాగాలు: మనీలా, దాని చుట్టూ ఉన్న బులకాన్, రిజాల్, కవీతె, లగూన, బతంగాస్, కెజోన్ ప్రావిన్సులు, పక్కనున్న మిందోరో, మరిందూకె దీవులు. 2020 జనగణనలో ఇంట్లో తగలాగ్ మాట్లాడతామని చెప్పిన కుటుంబాలు 39.9 శాతం. బిసాయా అని చెప్పినవారు 16 శాతం, హిలిగైనోన్, ఇలోకానో దాదాపు ఏడేసి శాతం, సెబువానో 6.5 శాతం. బిసాయా, సెబువానో అన్న పేర్లు చాలాచోట్ల ఒకే భాషకు వాడతారు కాబట్టి ఆ రెండు అంకెలను కలిపి చూడటమే సబబు.

అంటే ఎస్టోనియన్ తన దేశంలో స్పష్టమైన మెజారిటీ భాష. తగలాగ్ తన దేశంలో అన్నిటికంటే పెద్ద భాషే అయినా, ఇంటి భాషగా సగం కుటుంబాలకు కూడా చేరలేదు. తర్వాత జరిగిన చాలా విషయాలకు మూలం ఇక్కడే ఉంది.

తగలాగా, ఫిలిపినోనా?

ఈ రెండు పేర్ల దగ్గర చాలామంది తికమకపడతారు. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మాన్యువెల్ కెజోన్ జాతీయ భాషకు తగలాగ్ ఆధారంగా ఉంటుందని ఉత్తర్వు ఇచ్చారు. 1959లో ఆ జాతీయ భాషకు పిలిపినో అని పేరు పెట్టారు. ఒక ప్రాంతం పేరు ఉంటే మిగతా ప్రాంతాలవారు తమది కాదనుకుంటారన్నది అప్పటి ఆలోచన. 1987 రాజ్యాంగం ఆ పేరును ఫిలిపినోగా మార్చింది. దేశంలోని ఇతర భాషల నుంచి కూడా పదాలు తీసుకుంటూ అది ఎదగాలని చెప్పింది. అక్షరమాలను కూడా పెంచి 28 అక్షరాలు చేశారు.

కాగితం మీద తగలాగ్ ఒక ప్రాంతపు భాష, ఫిలిపినో దేశభాష. వ్యాకరణం, రోజువారీ మాటలు చూస్తే మాత్రం రెండూ ఒకటే. మనీలాలో మాట్లాడే తగలాగ్‌కు ఇంగ్లీషు, స్పానిష్ పదాలు ధారాళంగా కలిస్తే అదే ఫిలిపినో. అమెరికా జనగణన కూడా ఈ రెండిటినీ ఒకే గడిలో లెక్కిస్తుంది. సెబువానో మాట్లాడే సెబూ నగరంలో అడిగితే, పేరు మారినంత మాత్రాన అది తగలాగ్ కాకుండా పోలేదనే జవాబు వస్తుంది. సెబువానో మాతృభాషగా ఉన్నవారు చాలాకాలం తగలాగ్ వారి కంటే ఎక్కువగా ఉండేవారు. కెజోన్ స్వయంగా తగలాగ్ మాట్లాడే కుటుంబంలో పుట్టినవారు. ఆ అసంతృప్తి ఇప్పటికీ ఉంది. దానికి కారణం లేదనడం న్యాయం కాదు.

రెండు భాషల నిర్మాణం

ఎస్టోనియన్ యురాలిక్ కుటుంబానికి చెందినది. ఫిన్నిష్ దానికి దగ్గరి చుట్టం, హంగేరియన్ దూరపు చుట్టం. పొరుగున ఉన్న రష్యన్‌తో గానీ లాట్వియన్‌తో గానీ దానికి పుట్టుక సంబంధం లేదు. తగలాగ్ ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోనిది. మలయ్, జావనీస్, హవాయియన్, మడగాస్కర్‌లోని మలగాసీ అన్నీ ఆ కుటుంబమే.

ఎస్టోనియన్‌లో 14 విభక్తులు ఉన్నాయని వింటే భయం వేస్తుంది గానీ, తెలుగు వచ్చినవారికి ఆ పద్ధతి కొత్త కాదు. ఇంటిని వారు మాయ అంటారు. మాయస్ అంటే ఇంట్లో, మాయస్సె అంటే ఇంట్లోకి, మాయస్త్ అంటే ఇంట్లోంచి. తగలాగ్‌లో పని క్రియ చేస్తుంది. బిలి అనే ధాతువుకు కొనడం అని అర్థం. వాక్యంలో ప్రధానం కొన్న మనిషి అయితే బుమిలి, కొన్న వస్తువు అయితే బినిలి, ఎవరి దగ్గర కొన్నామో వారైతే బినిల్హాన్. ప్రత్యయం ధాతువు మధ్యలోకి కూడా దూరుతుంది. తెలుగులో ఇలాంటి ఏర్పాటు లేదు.

తెలుగుకీ తగలాగ్‌కీ వేరేచోట పోలికలు కనిపిస్తాయి. మనం, మేము అన్న తేడా తగలాగ్‌లోనూ ఉంది. అక్కడ అవి తాయో, కామి. ఎస్టోనియన్‌లో ఈ తేడా లేదు. తెలుగులో అండీ లాగా తగలాగ్‌లో పెద్దలతో మాట్లాడేటప్పుడు వాక్యంలో పో అని చేరుస్తారు. పరిచయం లేనివారిని కూడా అన్న, అక్క అని పిలవడం రెండుచోట్లా మామూలే. ఎస్టోనియన్‌లో గౌరవం చూపాలంటే నువ్వు బదులు మీరు అనే సర్వనామం వాడతారు, అంతటితో సరి. అతడు, ఆమె అన్న తేడా మాత్రం ఎస్టోనియన్‌లోనూ తగలాగ్‌లోనూ లేదు.

తగలాగ్‌లో సంస్కృతం నుంచి మలయ్, జావా దారుల్లో చేరిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి: గురో, ముఖ, ఆస. అవేమిటో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. 1989లో లగూన ప్రావిన్సులో దొరికిన రాగిరేకు మీద శకవర్షం 822, అంటే క్రీ.శ. 900 నాటి శాసనం ఉంది. అది కవి అనే పాత జావా లిపిలో ఉంది. ఆ లిపికీ తెలుగు లిపికీ మూలాలు దక్షిణాది బ్రాహ్మి రూపాల్లోనే ఉన్నాయి. స్పెయిన్‌వారు వచ్చేనాటికి తగలాగ్ రాసిన బైబాయిన్ లిపి కూడా బ్రాహ్మి సంతతిదే.

ఒకే రకం మొదలు, వేర్వేరు ఫలితాలు

రెండు భాషల్లోనూ అచ్చు పుస్తకాలు మతబోధతోనే మొదలయ్యాయి. ఎస్టోనియన్‌లో మిగిలిన తొలి ముద్రిత పాఠం 1535 నాటి లూథరన్ ప్రశ్నోత్తర గ్రంథం. తగలాగ్‌లో 1593లో మనీలాలో అచ్చయిన దొక్త్రీన క్రిస్తియాన. రెండుచోట్లా పైన ఉన్నవారు పరాయివారే: ఎస్టోనియాలో జర్మన్ భూస్వాములు, మతాధికారులు, ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ సన్యాసులు. రెండుచోట్లా వారు తమ భాషను జనానికి నేర్పలేదు. ఎస్టోనియాలో జర్మన్ మాట్లాడటం పై తరగతికి గుర్తు. రైతు ఆ భాష నేర్చుకుంటే ఆ గోడ కూలుతుంది. ఫిలిప్పీన్స్‌లో సన్యాసులే స్థానిక భాషలు నేర్చుకుని, జనానికీ ప్రభుత్వానికీ మధ్య తామే నిలబడ్డారు. 300 ఏళ్లకు పైగా పాలించినా స్పానిష్ అక్కడ కొద్దిమంది భాషగానే మిగిలింది. లాటిన్ అమెరికాతో పోల్చితే ఇది ఎంత విచిత్రమో తెలుస్తుంది.

దారులు చీలింది చదువు దగ్గర. ప్రతి మనిషీ బైబిల్ తానే చదవాలన్నది లూథరన్ పట్టుదల. స్వీడన్ పాలనలో, 1680లలో, బెంగ్ట్ గాట్‌ఫ్రీడ్ ఫోర్సీలియస్ అనే ఆయన దక్షిణ ఎస్టోనియాలోని తార్తు పట్టణం దగ్గర రైతుబిడ్డలకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చాడు. వారు ఊళ్లకు వెళ్లి చదవడం నేర్పారు. 1739లో పూర్తి బైబిల్ ఎస్టోనియన్‌లో వచ్చింది. అంతకుముందు తాలిన్ భాష, తార్తు భాష అని రెండు వేర్వేరు రాతభాషలు ఉండేవి. 1686లో వచ్చిన కొత్త నిబంధన దక్షిణాది తార్తు భాషలోనిది. పూర్తి బైబిల్ ఉత్తరాది భాషలో రావడంతో తూకం అటు మొగ్గింది. 1897 రష్యన్ సామ్రాజ్య జనగణన నాటికి పదేళ్లు దాటిన ఎస్టోనియన్లలో పదింట తొమ్మిదిమందికి పైగా చదవగలిగేవారు. రష్యా సామ్రాజ్యంలో అది అరుదైన సంగతి. సొంత రాజ్యం రావడానికి ఇరవై ఏళ్ల ముందే ఒక పాఠకలోకం సిద్ధంగా ఉంది.

ఆ పాఠకుల కోసమే 1857లో పెర్నో పోస్తిమేస్ వారపత్రిక వచ్చింది. 1869లో తార్తులో మొదటి పాటల పండుగ జరిగింది. 1910ల నుంచి యోహానెస్ ఆవిక్ అనే భాషా సంస్కర్త కొత్త మాటలు కొన్ని ఊహించి తయారుచేశాడు. ఆయుధానికి, నేరానికి ఇవాళ ఎస్టోనియన్లు వాడే మాటలు ఆయన తెచ్చినవే. ఒక మనిషి కూర్చుని పుట్టించిన మాటలు జనం నోట్లో నిలబడటం తేలిక కాదు. నిలబడ్డాయంటే కారణం, ఆ మాటలు వాడటానికి పత్రికలు, బళ్లు, పాఠ్యపుస్తకాలు అప్పటికే ఆ భాషలో ఉన్నాయి.

ఫిలిప్పీన్స్‌లో 1960లలో శాస్త్ర విషయాలకు దేశీ పదాలు తయారుచేసే ప్రయత్నం జరిగింది. వాటిలో చాలావరకు వాడుకలోకి రాలేదు. ఆ పదాలతో పాఠం చెప్పే సైన్సు తరగతులే పెద్దగా లేకపోవడం అందుకు ముఖ్య కారణం. తెలుగు అకాడమీ పారిభాషిక పదాలు తెలుగు మీడియం కాలేజీలు తగ్గేకొద్దీ పుస్తకాలకే పరిమితం కావడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

స్వాతంత్ర్యంతో వచ్చిన భాష, బడితో వచ్చిన ఇంగ్లీషు

1896లో స్పెయిన్ మీద తిరగబడిన కతిపునాన్ సంఘం తగలాగ్‌లోనే పనిచేసింది. 1897 నాటి బియాక్-నా-బాతో రాజ్యాంగం తగలాగ్‌ను అధికార భాషగా ప్రకటించింది కూడా. ఆ రిపబ్లిక్ నిలవలేదు. 1898లో స్పెయిన్ చేతి నుంచి దేశం అమెరికా చేతికి వెళ్లింది. 1901లో అమెరికా నుంచి థామస్ అనే ఓడలో వందలాది టీచర్లు దిగారు. ప్రభుత్వ బళ్లు ఊరూరా తెరుచుకున్నాయి, పాఠాలన్నీ ఇంగ్లీషులో. స్పెయిన్ మూడు శతాబ్దాల్లో చేయని పని అమెరికా నలభై ఏళ్లలో చేసింది. 1939 జనగణన నాటికి జనంలో దాదాపు నాలుగో వంతుకు ఇంగ్లీషు వచ్చు. చదువు అంటే ఇంగ్లీషు అన్న అలవాటు అప్పుడే స్థిరపడిపోయింది. జాతీయ భాషను బళ్లలో పాఠ్యాంశంగా చెప్పడం 1940లో గానీ మొదలు కాలేదు.

ఎస్టోనియాలో వరస తిరగబడింది. 1918 ఫిబ్రవరి 24న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న మరుసటి ఏడాదే, 1919 డిసెంబరులో, తార్తు యూనివర్సిటీ ఎస్టోనియన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. 1632లో స్థాపించిన ఆ యూనివర్సిటీ అంతకుముందు లాటిన్, జర్మన్, రష్యన్ భాషల్లో నడిచింది. అప్పటి ఎస్టోనియా జనాభా 11 లక్షలు. అంత చిన్న దేశం వైద్యం, న్యాయశాస్త్రం, భౌతికశాస్త్రం తన భాషలో చెప్పాలనుకోవడం ఎంతో సాహసమైన నిర్ణయం. 1940 తర్వాత సోవియట్ పాలనలో కూడా ఆ పాఠాలు ఎస్టోనియన్‌లోనే సాగాయి. ఆ కొనసాగింపే లేకపోతే 1991లో మళ్లీ స్వాతంత్ర్యం వచ్చాక కథ వేరుగా ఉండేది.

సోవియట్ కాలంలో దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. 1941లోనూ 1949లోనూ వేలాదిమందిని సైబీరియా తదితర ప్రాంతాలకు తరలించారు. 1944లో డెబ్బై వేలకు పైగా జనం పడవల్లో స్వీడన్, జర్మనీలకు పారిపోయారు. గనులు, ఫ్యాక్టరీల కోసం రష్యా నుంచి కార్మికులను తెచ్చారు. యుద్ధంలో నేలమట్టమైన నార్వాకు పాత నివాసులను తిరిగి రానివ్వలేదు. 1934లో జనాభాలో 88 శాతంగా ఉన్న ఎస్టోనియన్లు 1989 నాటికి 61.5 శాతానికి తగ్గారు. కొత్తగా వచ్చినవారికి రష్యన్ బళ్లు, రష్యన్ ఆఫీసులు ఉన్నాయి కాబట్టి ఎస్టోనియన్ నేర్చుకునే అవసరమే పడలేదు. 1989 జనవరిలో, ఇంకా సోవియట్ యూనియన్‌లో ఉండగానే, ఎస్టోనియన్‌ను అధికార భాష చేస్తూ చట్టం తేవడానికి కారణం ఈ భయమే.

చట్టం మోసిన భాష, టీవీ మోసిన భాష

ఎస్టోనియన్ వ్యాప్తికి చట్టం, పరీక్ష వెన్నెముక. పౌరసత్వానికి బి1 స్థాయి, అంటే యూరప్ భాషా కొలమానంలో మధ్య స్థాయి, భాషా పరీక్ష పాసవ్వాలి. టీచర్లకు అంతకంటే పైదైన సి1 స్థాయి కావాలి. జనంతో పని ఉండే ఉద్యోగాల్లో నిర్ణీత స్థాయి భాష వచ్చా లేదా అని చూడటానికి ప్రత్యేక ప్రభుత్వ విభాగం ఉంది. 2004 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఇదొకటి కాబట్టి బ్రసెల్స్ చట్టాలు కూడా ఎస్టోనియన్‌లోకి వస్తాయి. కంప్యూటర్‌లో భాష పనిచేయడానికి కావలసిన పరిశోధనకు 2006 నుంచి ప్రభుత్వమే డబ్బు పెడుతోంది. పది లక్షల మంది మార్కెట్ కోసం ప్రైవేటు కంపెనీలు ఆ ఖర్చు పెట్టవని ప్రభుత్వానికి తెలుసు.

తగలాగ్ పెరిగిన తీరు దీనికి భిన్నం. ఉద్యోగం కోసం దేశం నలుమూలల నుంచి మనీలాకు జనం వచ్చారు. సినిమాలు, కామిక్స్, రేడియో నాటకాలు మనీలాలో తయారై దీవులన్నిటికీ వెళ్లాయి. 1987లో మొదలైన టీవీ పాట్రోల్ లాంటి వార్తా కార్యక్రమాలతో రాత్రి వార్తలు ఫిలిపినోలోకి మారాయి. దక్షిణాది మిందనావ్ దీవిలోనో మధ్యనున్న విసాయాస్ దీవుల్లోనో పుట్టిన పిల్లవాడికి ఈ భాష వచ్చిందంటే బడితో పాటు టీవీ సీరియళ్లు, బాస్కెట్‌బాల్ కామెంటరీ, పాటలు కూడా కారణం. ఎవరూ పరీక్ష పెట్టలేదు. పాసైతేనే పౌరసత్వం అనలేదు. తగలాగ్ ఇంటి భాష కాని ప్రాంతాల్లో కూడా అర్థం చేసుకునేవారు ఇవాళ చాలా ఎక్కువ.

కానీ టీవీ మోసిన భాష టీవీ వెళ్లినంత దూరమే వెళ్లింది. మనీలాలో పేరున్న పెద్ద దినపత్రికలు ఇంగ్లీషువి. చిన్న సైజు టాబ్లాయిడ్లు ఫిలిపినోవి. ఎన్నికల ప్రసంగం ఫిలిపినోలో ఉంటుంది. గెలిచాక చేసే చట్టం ఇంగ్లీషులో ఉంటుంది. రెండు భాషల్లోనూ చట్టం ప్రకటించినప్పుడు అర్థంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుందని 1987 పరిపాలనా స్మృతిలో రాసుంది. కోర్టులో సాక్షి తగలాగ్‌లో చెప్పింది రికార్డులోకి, తీర్పులోకి ఇంగ్లీషై చేరుతుంది. మన కింది కోర్టుల్లో తెలుగులో చెప్పిన సాక్ష్యం పైకోర్టుకు ఇంగ్లీషులో వెళ్లడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చదువుకున్నవారి నోట్లో ఈ రెండు భాషలూ కలిసి ట్యాగ్లిష్ అయింది. అది అజ్ఞానం వల్ల పుట్టింది కాదు. ఏ విషయాన్ని ఏ భాషలో నేర్చుకున్నారో ఆ విషయం వచ్చినప్పుడు నోరు ఆ భాషలోకి వెళ్తుంది.

బడిలో తేలే లెక్క

2018లో పీసా అంతర్జాతీయ పరీక్షలో పదిహేనేళ్ల పిల్లల చదివే సామర్థ్యాన్ని పోల్చారు. యూరప్‌లో ఎస్టోనియా మొదటి స్థానంలో నిలిచింది. పాల్గొన్న దేశాలన్నిటిలో ఫిలిప్పీన్స్ అట్టడుగున ఉంది. ఫిలిప్పీన్స్ పిల్లలు ఆ పరీక్ష ఇంగ్లీషులో రాశారు. వారిలో 94 శాతం మంది ఇంట్లో మాట్లాడేది వేరే భాష.

ఈ తేడా అంతా భాష వల్లే అనడం తప్పు. ఫిలిప్పీన్స్‌లో పేదరికం ఎక్కువ, ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు చాలా తక్కువ, తరగతి గదులు కిక్కిరిసి ఉంటాయి. అలాగని భాష పాత్ర లేదనడం కూడా కుదరదు. ఎస్టోనియాలోనే రష్యన్ మీడియం పిల్లలు ఎస్టోనియన్ మీడియం పిల్లల కంటే వెనకబడి ఉన్నారని పీసా ఫలితాల్లో తేలింది. వారు పరీక్ష రాసింది సొంత భాషలోనే. అంటే మాతృభాషలో చదివినా, ఆ బళ్లు దేశంలోని మిగతా విద్యావ్యవస్థకు దూరంగా ఉంటే నష్టం తప్పదు. 2024 మార్పుకు ఎస్టోనియా ప్రభుత్వం చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఆ మార్పు తేలిగ్గా జరగడం లేదు. ఈదా-వీరులో ఎస్టోనియన్ బాగా వచ్చిన టీచర్లు దొరకడం కష్టం. అక్కడికి వచ్చేవారికి ఎక్కువ జీతం ఇస్తున్నారు. ఇంట్లో ఒక్క మాట కూడా ఎస్టోనియన్ వినని 1వ తరగతి పిల్లలకు లెక్కలు ఎస్టోనియన్‌లో చెప్పాలి. హోంవర్కులో సాయం చేద్దామన్నా చాలామంది తల్లిదండ్రులకు ఆ భాష రాదు. పరభాషలో మొదటి పాఠాలు చెబితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ అనుభవం చూపించింది. ఆ బరువు ఇప్పుడు ఎస్టోనియాలో రష్యన్ మాట్లాడే పిల్లల మీద పడింది.

ఫిలిప్పీన్స్‌లో ఇంటి భాషలో బోధన 2012 నుంచి దేశమంతటా అమలైంది. 2013 విద్యా చట్టం దాన్ని ఖాయం చేసింది. ఆలోచన మంచిదే. అమలులోనే చిక్కు వచ్చింది. 130కి పైగా భాషలకు పాఠ్యపుస్తకాలు, టీచర్లకు శిక్షణ కావాలి. బడికి కేటాయించిన భాష ఒకటైతే తరగతిలో సగం మంది ఇంటి భాష మరొకటి కావచ్చు. 4వ తరగతి రాగానే ఉన్నట్టుండి ఇంగ్లీషులోకి దూకాలి. తల్లిదండ్రులకు అదే టెన్షన్. ఆ విధానానికి పన్నెండేళ్లకే తెరపడింది. ఇప్పుడు పిల్లలందరి ఇంటి భాష ఒకటే అయిన తరగతుల్లో మాత్రం ఐచ్ఛికంగా దాన్ని కొనసాగించవచ్చు. సెబూ పిల్లవాడికి ఫిలిపినో కూడా ఒక రకంగా రెండో భాషే, ఇంగ్లీషు మూడోది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బళ్లను ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ఉత్తర్వు ఇవ్వడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం గుర్తున్నవారికి ఈ వాదనల్లో చాలావరకు తెలిసినవే.

దేశం దాటాక

ఎస్టోనియన్లు దేశం బయట ఎక్కువగా ఉన్నది ఫిన్లాండ్‌లో. తాలిన్ నుంచి హెల్సింకికి ఓడలో రెండు గంటల ప్రయాణం, భాష కూడా దగ్గరిదే. సోవియట్ కాలంలో ఉత్తర ఎస్టోనియాలోని ఇళ్లలో ఫిన్నిష్ టీవీ సిగ్నల్ అందేది. దాన్ని చూసే చాలామంది ఫిన్నిష్ నేర్చుకున్నారు. 1944లో వెళ్లినవారి మనవలు, ముని మనవలు స్వీడన్, కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నారు. టొరంటోలో వారి సంఘాలు ఇప్పటికీ చురుగ్గా పనిచేస్తున్నాయి.

తగలాగ్ వలస వేరే స్థాయిలో ఉంటుంది. విదేశాల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ కార్మికులు 20 లక్షలకు పైగా ఉంటారు. సౌదీ అరేబియా, యూఏఈ, హాంకాంగ్, సింగపూర్‌లలో, సముద్రాల మీద తిరిగే ఓడల్లో వారు ఉన్నారు. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువారికి వారు పక్క బల్ల దగ్గరి సహోద్యోగులు. వేర్వేరు దీవుల నుంచి వచ్చిన ఫిలిప్పీన్స్‌వారు పరాయి దేశంలో కలిస్తే మాట్లాడుకునేది ఎక్కువగా ఫిలిపినోలోనే. దేశంలో దానికి ఉన్న ప్రాంతీయ పోటీ అక్కడ తగ్గిపోతుంది. అమెరికాలో ఇంట్లో తగలాగ్ మాట్లాడేవారు సుమారు 17 లక్షలు. ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్ తర్వాతి స్థానం దానిదే. ప్రపంచంలో ఎస్టోనియన్ మాట్లాడేవారందరి కంటే అమెరికాలోని తగలాగ్ వారే ఎక్కువన్నమాట. కానీ అక్కడ పుట్టిన పిల్లలు చాలావరకు ఇంగ్లీషులోకి వెళ్లిపోతున్నారు.

ఫిలిప్పీన్స్‌లోని దావావో నగరానికి వైద్యవిద్య కోసం వెళ్లే తెలుగు విద్యార్థులకు ఈ భాషల అమరిక ప్రత్యక్షంగా తెలుస్తుంది. పాఠాలు ఇంగ్లీషులో, నగరంలో ఎక్కువమంది మాట్లాడేది బిసాయాలో, టీవీలో వినిపించేది ఫిలిపినోలో.

ఇకముందు ఏం జరగవచ్చు

ఎస్టోనియాలో బడి మార్పు 2029-30 విద్యాసంవత్సరానికి పూర్తి కావాలి. అది సవ్యంగా జరిగితే నార్వా పిల్లలకు తార్తు, తాలిన్ యూనివర్సిటీల దారి సులువవుతుంది. టీచర్ల కొరత తీరకపోతే ఒక తరం పిల్లలు రెండు భాషల మధ్య చిక్కుకుంటారు. 2022 తర్వాత ఉక్రెయిన్ నుంచి వచ్చిన శరణార్థుల పిల్లలు కూడా ఇదే వ్యవస్థలో ఉన్నారు. మరోవైపు ఉన్నత విద్యలో ఇంగ్లీషు పెరుగుతోంది. డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఇంగ్లీషులోనే వస్తున్నాయి. వందేళ్ల కిందట కష్టపడి సంపాదించిన పైమెట్టు ఎస్టోనియన్ చేతిలో ఎంతకాలం ఉంటుందన్నది అక్కడ నిజమైన ఆందోళన.

ఫిలిప్పీన్స్‌లో తగలాగ్ మాట్లాడేవారి సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. నగరాలు, ఫోన్లు, వీడియోలు అందుకు సాయం చేస్తున్నాయి. చిన్న భాషల్లో కొన్నిటికి ముప్పు ఇంగ్లీషు కంటే ముందు ఫిలిపినో నుంచే రావచ్చు. కోర్టు, చట్టం, కాలేజీ దాని చేతికి వస్తాయా అంటే సూచనలు బలంగా లేవు. కాలేజీల్లో తప్పనిసరి పాఠ్యాంశాల జాబితా నుంచి ఫిలిపినోను తొలగించడం చెల్లుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాల్ సెంటర్లు, అవుట్‌సోర్సింగ్ కంపెనీల్లో పదిహేను లక్షలకు పైగా ఉద్యోగాలు ఇంగ్లీషు మీద ఆధారపడి ఉన్నాయి, విదేశీ కొలువులు వాటికి అదనం. తల్లిదండ్రులు ఇంగ్లీషు అడగడానికి కారణం ఆ జీతాలు. రాజ్యాంగం మాత్రం ఇంగ్లీషును అధికార భాషగా ఉంచుతూ, చట్టం వేరేగా నిర్ణయించే వరకు అని ఒక షరతు పెట్టింది. 1987 నుంచి ఇప్పటిదాకా అలా నిర్ణయించే చట్టం రాలేదు.